అనుమానితుల తెలుగు

'కరోనా అనుమానితుడు.' 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలుగు పత్రికల్లో, టీవీ తెర అడుగున పరిగెత్తే అక్షరాల్లో, ఫోన్లలోకి వచ్చిపడిన ప్రకటనల్లో ఈ మాట మాటిమాటికీ కనపడింది. దగ్గూ జ్వరమూ ఉండి, పరీక్ష ఫలితం ఇంకా రాని మనిషికి మన భాష పెట్టిన పేరది. నిజానికి అనుమానం ఉన్నది డాక్టరుకి. అదీ జబ్బు మీద. కానీ ఈ మాటలో అనుమానం జబ్బుని వదిలేసి మనిషిని పట్టుకుంది. పరీక్షించాల్సిన రోగి కాస్తా విచారించాల్సిన ముద్దాయి అయ్యాడు.

ఒక్క మాటే అయితే తొందరలో దొర్లిందనుకోవచ్చు. దాని పక్కన ఇంకా చాలా ఉన్నాయి. ఇంట్లో విడిగా ఉండమని చెప్పడానికి 'గృహ నిర్బంధం', 'స్వీయ నిర్బంధం'. జబ్బు సోకినవాళ్లతో మెలిగినవాళ్లని వెతకడానికి 'జల్లెడ పట్టడం', 'గాలింపు'. పరీక్షకి రాని మనిషి 'తప్పించుకు తిరుగుతున్న' మనిషి. ఈ పదజాలం ఆస్పత్రిది కాదు. పోలీసు స్టేషన్‌ది.

ఈ మాటలు అందరి చెవులకీ ఒకేలా వినపడవు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగాక ఎంతోమంది ముస్లిం కుర్రాళ్లని అనుమానితులుగా పట్టుకెళ్లారు. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ బస్తీల్లో 'అనుమానితుడు' అన్న మాటకి నిఘంటువులో లేని అర్థం ఒకటుంది. 'నిర్బంధం' అన్న మాటకి ఒక వాసన ఉంది. అక్కడి తల్లికి 'అనుమానితులు ముందుకు రావాలి' అని రాసి పంపితే ఆమె కొడుకుని ముందుకు తోస్తుందా, లోపలి గదిలోకి తోస్తుందా?

ఆరోగ్య సమాచారం కూడా రచనే. దానికో రచయిత ఉంటాడు, ఊహించుకున్న పాఠకుడుంటాడు, ఒక భాష ఉంటుంది, చెప్పినవీ చెప్పకుండా దాటేసినవీ ఉంటాయి. కథలో పాత్ర ఏ యాసలో మాట్లాడిందో, కవితలో ఏ పదచిత్రం ఏ కులం నుంచి, ఏ మతం నుంచి వచ్చిందో పట్టుకుని విమర్శించే మనం, ప్రాణం మీదికొచ్చినప్పుడు చదవాల్సిన వాక్యాన్ని మాత్రం 'అది డాక్టర్ల వ్యవహారం' అని వదిలేశాం. కరోనా కాలంలో ఫోన్ల ద్వారా, తెరల ద్వారా మన దాకా వచ్చిన ఆరోగ్య సమాచారాన్ని సాహిత్యాన్ని చూసే కళ్లతోనే చూడాలని నా ఉద్దేశం. చూస్తే, అందులో మనం ఎక్కడున్నామో కూడా తెలుస్తుంది.

* * *

ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ 2020 ఫిబ్రవరిలోనే మనం పోరాడుతున్నది మహమ్మారితో మాత్రమే కాదు, 'ఇన్ఫోడెమిక్'తో కూడా అన్నాడు. అంటే సమాచారపు మహమ్మారి. మంచీ చెడూ కలిసి వరదలా వచ్చిపడితే మనిషికి తాగే నీళ్లేవో తెలియవు.

ఆ వరదని కొలవడానికి పరిశోధకులు రెండు రకాల కొలబద్దలు వాడారు. ఒకటి నాణ్యతది. 1997లో అమెరికన్ వైద్య పత్రిక 'జామా' నాలుగు ప్రశ్నలు పెట్టింది: రాసిందెవరు? ఆధారమేది? డబ్బు ఎవరిది, ప్రయోజనం ఎవరిది? ఎప్పుడు రాశారు, ఎప్పుడు సవరించారు? 1999లో ఇంగ్లండు నుంచి 'డిసర్న్' అని 16 ప్రశ్నల పట్టిక వచ్చింది. ఇవి మంచి ప్రశ్నలు. మనం కూడా అడగాల్సినవే.

రెండో కొలబద్ద సుబోధకతది. చదివితే ఎంతమందికి అర్థమవుతుందనేది. దీనికి ఇంగ్లీషులో లెక్కలున్నాయి. 1948లో రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన ఒక సూత్రం కట్టాడు. వాక్యానికి ఎన్ని పదాలు, పదానికి ఎన్ని అక్షరధ్వనులు అని లెక్కపెట్టి మార్కులేస్తారు. మామూలుగా 0 నుంచి 100 దాకా. 60, 70 వస్తే సామాన్యులకి అర్థమయ్యే రచన. రోగుల కోసం రాసేది ఆరో తరగతి చదువుకి అందేలా ఉండాలని అమెరికా వైద్యసంఘం సలహా. 2020లో 15 దేశాల ప్రభుత్వాలూ, అంతర్జాతీయ సంస్థలూ ఇంగ్లీషులో పెట్టిన కరోనా సమాచారాన్ని ఇలాంటి లెక్కలతో కొలిచిన ఒక అమెరికన్ అధ్యయనం, అవన్నీ ఉండాల్సిన దానికంటే కష్టంగానే ఉన్నాయని తేల్చింది. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ల పరిస్థితే అది.

మరి తెలుగు? ఫ్లెష్ సూత్రాన్ని తెలుగుకి పెట్టి చూడండి. 'చేతులు సబ్బుతో కడుక్కోండి.' బడికెళ్లని పిల్లాడికి కూడా అర్థమయ్యే మూడు మాటలు. పది అక్షరాలు. సూత్రం ప్రకారం దీనికి వచ్చే మార్కులు మైనస్ 78. ఇప్పుడు నేను కావాలని ఒక పండిత వాక్యం కల్పిస్తాను: 'కరస్పర్శ వర్జ్యం.' దీనికి మైనస్ 49. అంటే సబ్బుతో కడుక్కోండి అనే మాటకంటే ఇదే తేలికైన తెలుగు అన్నమాట!

తప్పు ఫ్లెష్‌ది కాదు. ఆయన ఇంగ్లీషు కోసం కట్టాడు. తెలుగు మాట మాటకి అతుక్కుని పెరిగే భాష. 'వెళ్లలేకపోతున్నామంటున్నారు' అని ఎనిమిదో తొమ్మిదో ముక్కలు ఒకే మాటలో చెప్తాం, ముసలమ్మ కూడా తడుముకోకుండా అర్థం చేసుకుంటుంది. 'సంక్రమణ' నాలుగు అక్షరాల చిన్న మాట, చదువుకున్నవాడు కూడా ఒక క్షణం ఆగుతాడు. తెలుగులో కష్టం పొడుగులో లేదు. మాట ఏ ఇంటి నుంచి వచ్చిందనే దాంట్లో ఉంది. మన సుబోధకత లెక్క సామాజిక లెక్క.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదంతం చాలు. 2020 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కరోనా కేసు కూడా లేనప్పుడు, చిత్తూరు జిల్లాలో ఒక మధ్యవయస్కుడు ఉరేసుకుని చచ్చిపోయాడు. డాక్టర్లు ఆయనకి వైరస్ జ్వరం లాంటిదేదో ఉందన్నారు. ఆయన ఫోన్లో చైనా వీడియోలు చూశాడు. వైరస్ అంటే ఆ వైరస్సే అనుకున్నాడు. తనవల్ల ఇంట్లోవాళ్లకి అంటకూడదనుకున్నాడు. ఆయనకి సమాచారం అందలేదని ఎవరూ అనలేరు. కావలసినదానికంటే ఎక్కువే అందింది. 'వైరస్' అంటే ఒకటి కాదు, వందలున్నాయి, మామూలు జలుబు కూడా వైరస్సే అని చెప్పే ఒక్క తెలుగు వాక్యం అందలేదు.

* * *

ఇక్కడొక విషయం స్పష్టం చేసుకోవాలి. తేలిగ్గా అర్థమైనంత మాత్రాన అది మంచి సమాచారం అయిపోదు. ఈ రెండు కొలబద్దలూ వేరు వేరు.

2020 జనవరి 29న కేంద్ర ఆయుష్ శాఖ ఒక సలహా ప్రకటించింది. ఆర్సెనికం ఆల్బం 30 అనే హోమియో మందు మూడు రోజులు పరగడుపున వేసుకోమంది, నివారణకి. ఎంత సులువైన రచన! మందు పేరు, మోతాదు, వేళ అన్నీ ఉన్నాయి. అది కరోనాని ఆపుతుందనడానికి ఆధారం ఒక్కటే లేదు. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఇది గాలి ద్వారా వ్యాపించేది కాదు' అని పెద్ద అక్షరాల్లో, 'వాస్తవం' అనే శీర్షిక కింద ప్రకటించింది. అంతకంటే స్పష్టంగా ఎవరూ రాయలేరు. అది తప్పు. తలుపులు మూసిన గదుల్లో గాలి ద్వారా సోకుతుందని 2021లో వాళ్లే రాయాల్సి వచ్చింది. తప్పు పడటం పెద్ద నేరం కాదు, సైన్సు అలాగే నడుస్తుంది. ఇప్పటికి మాకు తెలిసింది ఇది అనాల్సిన చోట 'వాస్తవం' అని ముద్ర కొట్టడమే నాణ్యతా లోపం.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది జనం తోసుకున్నారు. చదువుకున్నవాళ్లు వాళ్లని చూసి నవ్వారు. నేను నవ్వలేను. ఆ మందు గురించిన కబురు ఊరి తెలుగులో వచ్చింది. అందులో ఉన్న ఆకులూ, తేనే, మిరియాలూ జనానికి తెలిసినవి. ఇచ్చేవాడు డబ్బు తీసుకోవడం లేదు. అదే సమయంలో ఆస్పత్రి తలుపు దగ్గర మంచం లేదు, ఆక్సిజన్ లేదు, చెప్పే మనిషి లేడు. మందుకి రుజువు లేదు. ఆ కబురుకి మాత్రం మన్నన ఉంది. నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి కూడా ఇచ్చింది. అంటే సర్కారు కూడా జనాన్ని ఒప్పించే వాక్యం రాయలేక జనం వాక్యం కింద సంతకం పెట్టింది.

ఇక నిజమే అయినా చదవరానివి. ఆక్సిజన్ '94 శాతం కంటే తగ్గితే' ఆస్పత్రికి వెళ్లమన్నారు. సరైన సలహా. ఎన్నో ప్రాణాలు ఆ అంకె మీద ఆధారపడ్డాయి, ఎందుకంటే ఈ జబ్బులో ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవచ్చు. కానీ మన దగ్గర నూటికి 92 అంటే ఏమిటి? ఫస్టు క్లాసు దాటిపోయింది, మిఠాయి పంచాలి! నూటికి 92 ఎందుకు ప్రమాదమో చెప్పకుండా అంకె ఒక్కటే ఇస్తే, పదో తరగతి చదివిన ఇంట్లో కూడా 'పర్లేదు, తొంభై పైనే ఉంది' అని ఇంకో రాత్రి ఆగుతారు. 'మీకు ఆయాసం లేకపోయినా సరే, అంకె 94 కిందికి దిగితే పొద్దుటిదాకా ఆగొద్దు.' ఇంతే రాయాల్సింది. 'శ్వాసకోశ సంబంధ ఇబ్బందులు', 'సహరుగ్మతలు', 'సంక్రమణ శృంఖల' అని రాశారు. ఆయాసం, షుగరు, బీపీ, ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం అన్న మాటలు చచ్చిపోయాయా?

అన్నిటికంటే ఎక్కువ తిరిగిన మాట 'సామాజిక దూరం'. ఈ దేశంలో సామాజిక దూరం కొత్తగా నేర్పాలా? ఊరికీ వాడకీ మధ్య ఉన్నదేమిటి? ఇల్లు అద్దెకి అడిగితే పేరు విన్నాక తలుపు మూసే దూరమేమిటి? దళిత ఆలోచనాపరులు ఈ మాటకి అభ్యంతరం చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చిలోనే 'భౌతిక దూరం' అనడం మొదలుపెట్టింది. మనవాళ్లు చాలాకాలం పాత మాటనే పట్టుకు వేలాడారు. నోటికి అలవాటైన మాటని ఎవరు వదులుకుంటారు?

* * *

ఇప్పుడు మా ఇంటి భాష సంగతి.

తెలుగు నేల మీద ముస్లింలందరిదీ ఒకే భాష కాదు. దూదేకులవాళ్లకి తెలుగే ఇంటి భాష. తెలంగాణ ఊళ్లలో, రాయలసీమలో, కోస్తాలో చాలా ఇళ్లలో దక్కనీ ఉర్దూ మాట్లాడతాం, తెలుగు బళ్లో చదువుకుంటాం, ఉర్దూ లిపి రాదు. మదర్సాలో చదివినవాళ్లకి ఉర్దూ వస్తుంది, తెలుగు అక్షరాలు తడబడతాయి. ప్రభుత్వాల దృష్టిలో ముస్లిం అంటే ఉర్దూ, ఉర్దూ అంటే ముస్లిం. ఆరోగ్య ప్రకటనని ఉర్దూలోకి మార్చి ఒక కాపీ పడేస్తే మా పని అయిపోయినట్టే. ఆ ఉర్దూ కూడా ఫార్సీ మాటలతో బరువెక్కిన ఉర్దూ. మా నానీమాకి 'సంక్రమణ' ఎంత పరాయిదో ఆ ఉర్దూ మాట కూడా అంతే పరాయిది. సంస్కృతం తెలుగుకీ ఫార్సీ ఉర్దూకీ మధ్య, ఏ అక్షరాల్లోనూ రాయని ఒక ఇంటి భాషలో మేం దగ్గుతున్నాం.

పైగా ఇదంతా 'ఆన్‌లైన్'లో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019లో లెక్కలు తీసినప్పుడు, 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్లలో దాదాపు 49, 57. ఇది అన్ని మతాలకీ కలిపి. ఇంట్లో జ్వరం వస్తే కనిపెట్టుకుని ఉండేది ఆడది. తడిగుడ్డ వేసేది, కషాయం కాచేది, పళ్లెం కడిగేది ఆమె. సమాచారం ఉన్న ఫోను మగవాడి జేబులో. ఈ దూరాన్ని ఏ ఫ్లెష్ సూత్రం కొలుస్తుంది?

2021 జనవరిలో టీకాలు మొదలయ్యాయి. మే 1 నుంచి 18 ఏళ్లు దాటినవాళ్లందరికీ అన్నారు. కానీ 45 లోపువాళ్లు ముందుగా 'కోవిన్'లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ కోవిన్ అప్పటికి ఇంగ్లీషులో ఉంది. తెలుగులాంటి భాషలు చేరింది జూన్‌లో. జనం చచ్చిపోతున్న మే నెలలో సూది కోసం ఇంగ్లీషు చదవాలి, ఓటీపీ పట్టుకోవాలి, సెకన్లలో వేలు ఆడించాలి. పంక్చర్లు వేసేవాడు, పండ్లబండి తోసేవాడు, బీడీలు చుట్టే ఖాలా ఈ పరీక్షలో తప్పారు. తర్వాత వాళ్లని చూపించి 'వాళ్లు టీకాలకి రారు' అన్నవాళ్లున్నారు.

* * *

భాష అర్థమై, ఫోను చేతిలో ఉన్నా ఇంకొకటి కావాలి. నమ్మకం. అది ఏ పట్టికలోనూ లేదు. కరోనా కాలంలో ముస్లింల విషయంలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నది అదే.

2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగీ జమాత్ సమావేశం జరిగింది. అక్కడ వైరస్ సోకింది. అక్కడికెళ్లి వచ్చినవాళ్లలో ఆరుగురు చనిపోయారని మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఇది నిజం. దాచాల్సిన పని లేదు. వెళ్లొచ్చినవాళ్లు పరీక్ష చేయించుకోవాలని చెప్పడం అవసరం కూడా. మొదట చచ్చిపోయింది వాళ్లే కదా.

కానీ చెప్పిన తీరు చూడండి. ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ దేశంలో 14,378 కేసులుంటే 4,291 ఆ సమావేశానికి సంబంధించినవేనని చెప్పింది. 29.8 శాతం. దశాంశ బిందువుతో సహా. నాణ్యత గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి అడగాలి: ఎంతమందికి పరీక్ష చేస్తే 4,291? పరీక్షలే కరువైన రోజుల్లో ఒక గుంపుని వెతికి వెతికి పరీక్షిస్తే ఆ గుంపులోనే కేసులు ఎక్కువ దొరుకుతాయి. టార్చిలైటు ఎటు వేస్తే అటే మనుషులు కనపడతారు. ఆ సంగతి చెప్పకుండా శాతం ఒక్కటే చెప్పడం సగం సమాచారం. సగం సమాచారం ఒక్కోసారి పూర్తి అబద్ధం పని చేస్తుంది. 2021 ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళా లక్షల జనంతో జరిగినప్పుడు ఇలాంటి శాతాన్ని రోజూ వినిపించిన కేంద్ర ప్రకటన ఏదీ నాకు కనపడలేదు. కనపడాలని నేను కోరడం లేదు. రెండుచోట్లా జబ్బుకి మతం పేరు పెట్టకూడదంటున్నాను.

ఇలా కాకుండా రాయొచ్చా? రాయొచ్చు. తమిళనాడు ఆరోగ్యశాఖ అధికారులు మర్కజ్ పేరు మానేసి 'సింగిల్ సోర్స్' అనడం మొదలుపెట్టారు. ఒకే చోటి నుంచి వచ్చినవి అని. వైద్యానికి కావలసిన సమాచారమంతా ఆ రెండు మాటల్లో ఉంది. ఢిల్లీలో మైనారిటీల కమిషన్ ఏప్రిల్‌లో ఉత్తరం రాశాక బులెటిన్‌లో మర్కజ్ అనే గడి పోయింది. దాని బదులు 'స్పెషల్ ఆపరేషన్స్' అని వచ్చింది. మసీదు పేరు తీసేశారు, పోలీసు భాష పెట్టారు!

కేంద్ర ఆరోగ్యశాఖే ఏప్రిల్ 8న ఒక సలహాపత్రం ఇచ్చింది. జబ్బుకి ఏ సమాజాన్నీ, ఏ ప్రాంతాన్నీ ముడిపెట్టొద్దని దాని సారాంశం. మంచి పత్రం. దానికి ముందూ తర్వాతా అదే శాఖ సాయంత్రపు సమావేశాల్లో ఆ శాతాలు చదువుతూనే ఉంది. రెండిట్లో ఏది జనానికి చేరిందో వేరే చెప్పాలా? కూరగాయల బండి ముందు పేరు అడిగినవాళ్లకి సలహాపత్రం చేరలేదు, శాతం చేరింది.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్లని బలిపశువుల్ని చేసినట్టుందని అంది. 2021 జూన్‌లో టీవీ వార్తల స్వీయ నియంత్రణ సంస్థ ఈ వ్యవహారంలో ప్రసారాలకి గాను రెండు కన్నడ చానళ్లకి జరిమానా వేసింది. 2025 జూలై 17న ఢిల్లీ హైకోర్టు, విదేశీయులకి ఆశ్రయమిచ్చారన్న ఆరోపణ మీద 70 మంది భారతీయుల మీద ఉన్న 16 చార్జిషీట్లని కొట్టేసింది. అయిదేళ్లు పట్టింది. ఆరోగ్య సమాచారంలో సవరణ కూడా నాణ్యతలో భాగమే. తప్పు మొదటి పేజీలో, సవరణ అయిదేళ్ల తర్వాత లోపలి పేజీలో.

* * *

ఇంతవరకు రాసి ఆపేస్తే పాఠకులు చప్పట్లు కొడతారు. కానీ మన ఇంటి గోడ మీద రాసుకున్నది కూడా చదవాలి.

అదే రోజుల్లో మన ఫోన్లలోకి దక్కనీలో, ఉర్దూలో గొంతులు వచ్చాయి. కలోంజీ తేనెలో కలిపి తీసుకుంటే కరోనా రాదని ఒకరు. ఐదు పూటలా నమాజు చేసేవాడికి ఏమీ కాదని ఒకరు. ఆస్పత్రికి వెళ్తే ముస్లింలకి విషపు సూది వేస్తారని ఇంకొకరు. 2020 డిసెంబరు వచ్చేసరికి టీకాలో పంది కొవ్వుందని. సుబోధకత అడిగితే వీటికి నూటికి నూరు. మన గొంతు, మన యాస, సలాంతో మొదలై దువాతో ముగిసే మన మర్యాద. నాణ్యత సున్నా. జామా పత్రిక నాలుగు ప్రశ్నలు వీటికి పెట్టి చూడండి. చెప్పిందెవరు? 'ఒక పెద్ద డాక్టర్ సాబ్.' ఆధారం? 'అరబ్బు దేశంలో రుజువైంది.' ఎప్పుడు? తేదీ లేదు. ప్రయోజనం ఎవరికి? కలోంజీ నూనె సీసా అమ్మేవాడి నంబరు ఒక్కోసారి కిందే ఉంటుంది.

టీకా తయారుచేసిన పెద్ద కంపెనీలు తమ దాంట్లో పందికి సంబంధించినదేదీ లేదన్నాయి. ఒకవేళ ఉన్నా ప్రాణం కాపాడుకోవడానికి వేసుకోవచ్చని 2020 డిసెంబరులోనే యూఏఈ ఫత్వా కౌన్సిల్ చెప్పింది. ఈ రెండు వాక్యాలూ దక్కనీలో ఒక్క నిమిషం గొంతుగా మన బస్తీలకి ఎందుకు రాలేదు? ప్రభుత్వం చెయ్యలేదు, సరే. మన జమాతులు, మన చదువుకున్న పిల్లలు, కవిత్వం రాసే మనం? పక్కింటివాడు గోమూత్రం తాగాడని నవ్వి, మన ఇంట్లో సీసా దాచుకుంటే అది అస్తిత్వ చైతన్యం కాదు. అస్తిత్వం అంటే మనవాడు చెప్పిన అబద్ధాన్ని నమ్మడం కాదు. మనల్ని అవమానించినవాడు చెప్పిన నిజం కూడా నిజమే. దాన్ని అవమానం నుంచి విడదీసి, కడిగి, మన ఇంటి భాషలో మన అమ్మీకి చెప్పడమే మన పని.

చెప్పదగ్గ చోట్లు ఎన్నో ఉండేవి. రోజుకి ఐదుసార్లు వజూ చేసే జాతికి చేతులు కడుక్కోమని చెప్పాలంటే వజూ నుంచి మొదలుపెట్టాలి: 'వజూకి ముందు సబ్బు రాసుకోండి, 20 సెకన్లు రుద్దండి, వజూ ఇంట్లోనే చేసుకోండి.' 2020 రంజాన్ ముందు, ఏప్రిల్ 15న ప్రపంచ ఆరోగ్య సంస్థ రంజాన్ కోసమే ప్రత్యేకంగా ఒక మార్గదర్శకం రాసింది. ఉపవాసం, ఇఫ్తార్, జకాత్ పంపిణీ దగ్గర గుంపు గురించి ఆలోచించి రాసింది. నేను చూసిన తెలుగు ప్రకటనల్లో మాత్రం మా పండగ ఒక శాంతిభద్రతల సమస్యగానే ఉంది.

చావు సంగతి మరీ ఘోరం. 2020 మార్చి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకం శవానికి స్నానం వద్దంది. ముట్టుకోకుండా చేసే ప్రార్థనలు చేసుకోవచ్చంది. మార్చి 30న ముంబయి కార్పొరేషన్ ఏ మతమైనా సరే దహనమే అని ఉత్తర్వు ఇచ్చి ఆ రోజే వెనక్కి తీసుకుంది. ఉత్తర్వు పోయింది, భయం మిగిలింది. 'ఆస్పత్రిలో చేరితే కాల్చేస్తారు' అన్న మాట అలా పుట్టింది. గుసుల్ లేకుండా మట్టి చేస్తే పాపమా? స్నానం వీలు కాకపోతే తయమ్ముం లాంటి మార్గాలున్నాయని ఉలమాలు చెప్పారు. 'మీ మనిషిని మీ ఖబ్రస్తాన్‌లోనే మట్టి చేయొచ్చు. జనాజా నమాజు దూరం నుంచి చదవొచ్చు. గుసుల్ గురించి మీ ఇమాంని అడగండి.' ఆస్పత్రి గేటు దగ్గర ఈ మూడు వాక్యాలు అతికించి ఉంటే ఎంతమంది రోగులు రెండు రోజులు ముందుగా లోపలికి వచ్చేవాళ్లో!

అందుకే పాత కొలబద్దలకి ఇంకొన్ని ప్రశ్నలు కలపాలంటాను. ఈ వాక్యం ఎవర్ని పాఠకుడిగా ఊహించుకుంది? చదివేవాణ్ణి రోగిగా చూస్తోందా, నిందితుడిగానా? ఇందులో మాట వంటింట్లోకి వెళ్లగలదా? అంకె చెప్పినప్పుడు దాని అర్థం కూడా చెప్పిందా? తప్పయితే సవరిస్తానని మాటిచ్చిందా? ఈ ప్రశ్నలు సర్కారు ప్రకటనకీ వెయ్యాలి, మస్జిద్ మైకుకీ వెయ్యాలి, మన ఫోన్లో తిరిగే గొంతుకీ వెయ్యాలి.

ఇంకో మహమ్మారి వస్తుంది. డాక్టర్లు అప్పటికి కొత్త మందులు, కొత్త టీకాలు తయారుచేసుకుంటారు. మాటలు తయారుచెయ్యాల్సింది రాసేవాళ్లం. 'అనుమానితుడు' అనే మాటకి బదులు 'పరీక్ష కావలసిన మనిషి' అని రాయడానికి ఏ ప్రయోగశాలా అక్కర్లేదు. తెలుగుకి అంత స్థోమత ఉంది. కావలసిందల్లా రాసేవాడి ఎదురుగా, ఆ వాక్యం చదివి కొడుకుని ఆస్పత్రికి పంపాలా వద్దా అని తలుపు దగ్గర నిలబడ్డ తల్లి ఉండటమే.